పర్మాంగనేట్ తుల్యాంక భారం 31.6 ఆ, 52.7 ఆ, 158 ఆ?

పరవాడ_ట్రైనీ:

అందరికీ నమస్కారం. బీఎస్సీ అయ్యాక పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో ట్రైనీగా చేరాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మూలకమైతే పరమాణు భారాన్ని సంయోజకతతో భాగించాలి, ఆమ్లమైతే అణుభారాన్ని క్షారతతో, అంటే అది ఇవ్వగల హైడ్రోజన్ అయాన్ల సంఖ్యతో, భాగించాలి అని బట్టీ పట్టి పరీక్షలు గట్టెక్కాను. ల్యాబ్‌లోకి వచ్చాక ఆ బట్టీ నిలబడట్లేదు.

మా రీఏజెంట్ల అలమరలో పొటాషియం పర్మాంగనేట్ సీసాలు రెండున్నాయి. ఒకదాని లేబుల్ మీద 0.1 నార్మల్ (లీటరుకి 0.1 తుల్యాంకం) అని, రెండోదాని మీద 0.02 మోలార్ (లీటరుకి 0.02 మోల్) అని ఉంది. రెండూ ఒకటే అన్నారు మా సీనియర్ అక్క. లీటరుకి 3.16 గ్రాములు వేస్తాం కాబట్టి తుల్యాంక భారం 31.6 అనుకున్నాను, లెక్క కుదిరింది. తీరా ఇంటికెళ్లి పాత నోట్సు తీస్తే అదే పర్మాంగనేట్‌కి ఒక పేజీలో 52.7, ఇంకో పేజీలో 158 అని నా చేత్తోనే రాసుంది. అణుభారం ఒక్కటే అయినప్పుడు తుల్యాంక భారం మూడు రకాలుగా ఎలా ఉంటుంది?

ఇనుముకీ అంతే, ఒకచోట 28, ఒకచోట 18.6. ఫాస్ఫరస్ ఆమ్లంలో హైడ్రోజన్లు మూడుంటే రెండుతో భాగించమంటారు. వచ్చే నెల అసెస్‌మెంట్ ఉంది, మేనేజర్ గారు ఫార్ములాలు అడగరు, ఎందుకు అని అడుగుతారు. అదే టెన్షన్. దయచేసి ఎవరైనా మొదటి నుంచీ చెప్పండి.

ఎంసెట్_కెమిస్ట్రీ:

ఎన్ ఫ్యాక్టర్ పట్టుకుంటే చాలు. ఆమ్లానికి వదిలే హైడ్రోజన్ అయాన్లు, క్షారానికి హైడ్రాక్సైడ్ అయాన్లు, లవణానికి మొత్తం ధనావేశం, ఆక్సీకరణ క్షయకరణ చర్యలకి మారిన ఎలక్ట్రాన్లు. అణుభారాన్ని దాంతో భాగించాలి. పర్మాంగనేట్: ఆమ్ల యానకంలో 5, తటస్థంలో 3, గాఢ క్షారంలో 1. డైక్రోమేట్: 6, కాబట్టి 294 బై 6 అంటే 49. మోర్ లవణం (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్): 1, కాబట్టి 392. హైపో (సోడియం థయోసల్ఫేట్): అయోడిన్‌తో 1, కాబట్టి 248. ఇవి గుర్తుంచుకోండి, సరిపోతుంది.

డీఎం_ప్లాంట్_రిటైర్డ్:

పై సార్ చెప్పినవన్నీ కరెక్టే తల్లీ. కానీ నువ్వు అడిగింది ఎందుకు అని కదా, అక్కడి నుంచి చెప్తాను. నేను థర్మల్ స్టేషన్‌లో నీళ్ల కెమిస్టుగా చేసి రిటైరయ్యాను. మా పనంతా తుల్యాంకాల మీదే నడిచేది, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

అణుభారం పదార్థానిది. సీసాలో ఉన్నా, బ్యూరెట్‌లో ఉన్నా, పర్మాంగనేట్ అణుభారం 158 మారదు. తుల్యాంక భారం మాత్రం ఆ పదార్థం చేసే చర్యది. ఒక మోల్ ఎలక్ట్రాన్లు తీసుకోవడానికి, లేదా ఒక మోల్ హైడ్రోజన్ అయాన్లు ఇవ్వడానికి ఎన్ని గ్రాములు కావాలి అన్నదే ఆ అంకె. చర్య ఏదో చెప్పకుండా తుల్యాంక భారం ఎంత అని అడిగితే ఆ ప్రశ్నకి జవాబే లేదు. మీ మేనేజర్ గారు అలా అడిగితే, ఏ చర్యలో సార్ అని నువ్వే తిరిగి అడుగు. నీకు విషయం తెలుసని ఆయనకి అక్కడే అర్థమవుతుంది.

ఇది కాగితం మీద కంటే కుప్పెలో బాగా కనిపిస్తుంది. ఆక్సాలిక్ ఆమ్లం శంకు కుప్పెలోకి తీసుకుంటావు, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తావు, ఆవిర్లు లేచేదాకా, అంటే 60–70 డిగ్రీల దాకా, వేడి చేస్తావు. బ్యూరెట్ విప్పాక మొదటి చుక్కల గులాబీ రంగు వెంటనే పోదు, కుప్పెని తిప్పుతూ కాసేపు ఆగాలి. మాంగనస్ అయాన్లు కొన్ని తయారయ్యాయంటే ఇక అవే చర్యని పరుగెత్తిస్తాయి, చుక్క పడటం ఆలస్యం, రంగు మాయం. ఇక్కడ మాంగనీస్ ఆక్సీకరణ సంఖ్య +7 నుంచి +2కి దిగింది. ఎలక్ట్రాన్లు 5. 158ని 5తో భాగిస్తే 31.6. మీ సీసా లెక్క ఇదే.

అదే కుప్పెలో ఆమ్లం చాలలేదనుకో. రంగు పోయే బదులు ద్రావణం గోధుమ రంగుకి తిరిగి మడ్డిగా అవుతుంది. అది మాంగనీస్ డయాక్సైడ్. మాంగనీస్ +4 దగ్గరే ఆగిపోయింది, ఎలక్ట్రాన్లు 3, తుల్యాంక భారం 52.7. అంటే లేబుల్ మీద 0.1 నార్మల్ అని రాసున్న నీ సీసా ఆ కుప్పె వరకూ 0.06 నార్మల్ అయిపోయింది, సీసాలో మాత్రం ఏమీ మారలేదు. గాఢమైన క్షారంలో ఆకుపచ్చ మాంగనేట్ దగ్గర ఆగితే ఎలక్ట్రాన్ ఒక్కటే, 158. అప్పుడు సీసా 0.02 నార్మల్. నీ నోట్సులో మూడు అంకెలూ కరెక్టే, పక్కన యానకం పేరు రాసి ఉండాల్సింది, అంతే. గోధుమ రంగు కనిపించిన టైట్రేషన్ రీడింగ్ మాత్రం ఎప్పుడూ రిజిస్టర్‌లో ఎక్కించకు, పారబోసి మళ్లీ మొదలుపెట్టు. ఇంకో మాట. ఆమ్లం అంటే ఏదో ఒకటి అని హైడ్రోక్లోరిక్ పోస్తే పర్మాంగనేట్ దాని క్లోరైడ్‌ని కూడా ఆక్సీకరణం చేస్తుంది, రీడింగ్ ఎక్కువ వస్తుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లమే పోయమనేది అందుకే.

ఇనుము కూడా అంతే. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే ఫెర్రస్ అవుతుంది, 55.85 బై 2, అంటే 27.9. క్లోరిన్‌లో వేడి చేస్తే ఫెర్రిక్ క్లోరైడ్ అవుతుంది, 55.85 బై 3, అంటే 18.6.

ఫాస్ఫరస్ ఆమ్లంలో మూడు హైడ్రోజన్లలో ఒకటి ఆక్సిజన్‌కి కాదు, నేరుగా ఫాస్ఫరస్‌కే అతుక్కుని ఉంటుంది. ఎంత క్షారం పోసినా అది ఊడి రాదు. అందుకే 82 బై 2, 41. హైపోఫాస్ఫరస్‌లో అలాంటివి రెండు, కాబట్టి 66 బై 1. ఫాస్ఫారిక్ ఆమ్లంలో మూడూ ఆక్సిజన్ మీదే ఉన్నాయి, పుస్తకం 98 బై 3 అంటుంది. కానీ బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్ పోసి నువ్వే చూడు. మిథైల్ ఆరెంజ్ రంగు మారేసరికి ఒక్క హైడ్రోజనే తీరుతుంది, ఫినాల్ఫ్తలీన్ రంగు మారేసరికి రెండు. మూడోది మామూలు టైట్రేషన్‌లో దొరకదు. కాబట్టి ల్యాబ్‌లో దాని తుల్యాంక భారం 98 లేదా 49. 32.7 అని రాసుకుని లెక్క కడితే నీ రిజల్ట్ తప్పుతుంది. సోడియం కార్బొనేట్ కూడా సూచికని బట్టే: ఫినాల్ఫ్తలీన్‌తో 106, మిథైల్ ఆరెంజ్‌తో 53.

మా ప్లాంట్ నుంచి ఒక్క ఉదాహరణ చెప్పి ఆపుతా. నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్. సున్నం వేసి నీటి కాఠిన్యం తగ్గించే చోట అది పూర్తిగా కార్బొనేట్ అయి కూర్చుంటుంది, అక్కడ తుల్యాంక భారం 44 బై 2, 22. అవే నీళ్లు ఆనయాన్ రెసిన్ (రుణ అయాన్లని పట్టుకునే గుళికలు) మీదికి వెళ్తే అది బైకార్బొనేట్‌గానే పట్టుబడుతుంది, అక్కడ 44. రెండు చోట్లకీ మా దగ్గర వేరే వేరే గుణకాలు ఉండేవి, కాల్షియం కార్బొనేట్ లెక్కలోకి మార్చడానికి ఒకచోట 2.27, ఇంకోచోట 1.14. కొత్తగా చేరినవాళ్లు ఒకే గ్యాస్‌కి రెండు గుణకాలేంటని అడిగేవాళ్లు. అడిగినవాళ్లకే తుల్యాంకం బాగా వంటబట్టేది.

పరవాడ_ట్రైనీ:

సార్, చాలా చాలా థాంక్స్. గోధుమ రంగు సంగతి మా ల్యాబ్‌లో ఒకసారి కళ్లారా చూశాను, మళ్లీ చేయమన్నారు గానీ కారణం చెప్పలేదు. ఇప్పుడు అర్థమైంది.

ఇంకో డౌట్. చర్యని బట్టి మారిపోయే అంకె అయితే సీసా మీద నార్మాలిటీ రాయడమే తప్పు కదా? మా కొత్త ప్రొసీజర్లు అన్నీ మోలారిటీలోనే ఉన్నాయి. మరి ఇదంతా ఇంకా నేర్చుకోవడం ఎందుకు?

డిగ్రీ_లెక్చరర్:

మంచి ప్రశ్న అమ్మా. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కొత్త తరం పిల్లలు నార్మాలిటీ మానేయడమే మంచిది. 1971లో మోల్‌ని ఎస్ఐ ప్రమాణాల్లో చేర్చారు. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ఐయూపీఏసీ కూడా గాఢతని మోల్స్‌లోనే చెప్పమంటుంది. సమీకరణాన్ని తుల్యం చేసి రాస్తే తికమకకి తావుండదు. 2 మోల్స్ పర్మాంగనేట్‌కి 5 మోల్స్ ఆక్సాలిక్ ఆమ్లం. 0.05 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం 20 మి.లీ. తీసుకుంటే అందులో 1 మిల్లీమోల్ ఉంది. దానికి 0.4 మిల్లీమోల్ పర్మాంగనేట్ కావాలి. 0.02 మోలార్‌లో అది 20 మి.లీ. ఇక్కడ యానకం ఏంటో సమీకరణమే చెబుతోంది, గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదు. ఏ చర్యకో రాయకుండా 0.1 నార్మల్ అని మాత్రమే రాసిన సీసా ప్రమాదమే. నేను మా డిగ్రీ పిల్లల చేత మోలారిటీలోనే లేబుల్ రాయిస్తాను.

డీఎం_ప్లాంట్_రిటైర్డ్:

లేబుల్ విషయంలో లెక్చరర్ గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. సీసా మీద మోలారిటీయే ఉండాలి. కానీ తుల్యాంకాన్నే మానేయాలంటే మాత్రం ఒప్పుకోలేను సార్. ఒకటి రెండు పదార్థాలు కుప్పెలో ఉన్నప్పుడు సమీకరణం రాసుకోవచ్చు. నీళ్లలో ఏడెనిమిది అయాన్లు కలిసి ఉంటే ఏ సమీకరణం రాస్తాం?

ఈ రిపోర్ట్ చూడండి. ఒక బోరు నీళ్లనుకోండి, లెక్క సులువుగా ఉండేలా అంకెలు నేనే వేశాను. లీటరుకి కాల్షియం 60 మి.గ్రా., మెగ్నీషియం 24, సోడియం 46. అటువైపు బైకార్బొనేట్ 244, క్లోరైడ్ 71, సల్ఫేట్ 48. మిల్లీగ్రాముల్లో కూడితే ధన అయాన్లు 130, రుణ అయాన్లు 363. ఈ రిపోర్ట్ సరైనదా, ల్యాబ్‌లో ఎక్కడైనా పొరపాటు జరిగిందా అన్నది వీటిని చూసి ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఒక్కోదాన్నీ దాని తుల్యాంక భారంతో భాగించండి. కాల్షియం 60 బై 20, 3. మెగ్నీషియం 24 బై 12, 2. సోడియం 46 బై 23, 2. మొత్తం 7 మిల్లీ తుల్యాంకాలు. బైకార్బొనేట్ 244 బై 61, 4. క్లోరైడ్ 71 బై 35.5, 2. సల్ఫేట్ 48 బై 48, 1. మొత్తం 7. నీటిలో ధనావేశం, రుణావేశం సమానంగా ఉండి తీరాలి కాబట్టి రెండు వైపులా ఒకే అంకె రావాలి. కొద్దిపాటి తేడా ఎప్పుడూ ఉంటుంది. పెద్ద తేడా వచ్చిందంటే ఏదో ఒక టెస్ట్ తప్పినట్టే, లేదా నైట్రేట్ లాంటిది ఏదో కొలవకుండా వదిలేసినట్టే. బయటి నుంచి రిపోర్ట్ వస్తే నేను ముందు చేసే పని ఇదే. ఇది తేలకుండా మిగతా అంకెల జోలికి వెళ్లేవాణ్ణి కాదు.

ఆ 7ని 50తో హెచ్చిస్తే 350. దాన్నే ప్లాంట్‌లో 350 పీపీఎం (లీటరుకి మి.గ్రా.), కాల్షియం కార్బొనేట్ లెక్కలో అంటాం. కాల్షియం కార్బొనేట్ అణుభారం 100, తుల్యాంక భారం 50 కాబట్టి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో కాఠిన్యానికి పెట్టిన 200, వేరే నీటి వనరు లేనప్పుడు ఒప్పుకునే 600 అనే అంకెలు కూడా ఈ లెక్కలోవే. పై నీళ్లలో కాఠిన్యం కాల్షియం 150, మెగ్నీషియం 100 కలిపి 250. సోడియం కాఠిన్యం కాదు, అది లెక్కలోకి రాదు.

ఇక్కడ ఇంకో అందం ఉంది, నాకు ఎప్పుడూ ముచ్చటేసేది. నీళ్ల ల్యాబుల్లో క్షారత చూడటానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం 0.02 నార్మల్ చేస్తారు. 0.1 కాదు, 0.05 కాదు, సరిగ్గా 0.02 ఎందుకు? 1ని 50తో భాగిస్తే వచ్చేది అదే. అప్పుడు 1 మి.లీ. ఆమ్లం సరిగ్గా 1 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్‌కి సమానం. 100 మి.లీ. నీళ్లు తీసుకుని బ్యూరెట్ రీడింగ్‌ని 10తో హెచ్చిస్తే పీపీఎం వచ్చేస్తుంది. రాత్రి షిఫ్ట్‌లో కాలిక్యులేటర్ లేకపోయినా పని ఆగదు.

రెసిన్ లెక్కా ఇంతే తేలిక. కాటయాన్ రెసిన్ (ధన అయాన్లని పట్టుకునేది) పనిచేసే సామర్థ్యం లీటరుకి 1 తుల్యాంకం అనుకోండి. నీళ్లలో లీటరుకి 7 మిల్లీ తుల్యాంకాలు ఉంటే, లీటరు రెసిన్ 1000 బై 7, అంటే దాదాపు 143 లీటర్ల నీటిని శుద్ధి చేస్తుంది. వెయ్యి లీటర్ల రెసిన్ ఉన్న వెసెల్‌కి ఓబీఆర్, అంటే రెండు రీజనరేషన్ల మధ్య ఇచ్చే నీరు, 143 ఘనపు మీటర్లు. ఆ తర్వాత రీజనరేషన్, అంటే ఆమ్లం పోసి రెసిన్‌ని మళ్లీ పనికొచ్చేలా చేయడం. తీసింది వెయ్యి తుల్యాంకాలు కాబట్టి సిద్ధాంత ప్రకారం 36.5 కిలోల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి, ఆచరణలో అంతకంటే బాగా ఎక్కువే పోస్తాం. పైగా 350లో 200 బైకార్బొనేట్ కదా, కాటయాన్ దాటాక అది కార్బన్ డయాక్సైడ్‌గా మారి డీగ్యాసర్‌లో దాదాపుగా ఎగిరిపోతుంది. ఆనయాన్ రెసిన్ మీద పడే భారం ప్రధానంగా 150, దానికి సిలికా, మిగిలిపోయిన కాస్త కార్బన్ డయాక్సైడ్ తోడవుతాయి. డీగ్యాసర్ బ్లోయర్ ఆగిపోయిన రోజు ఆనయాన్ ముందే ఎందుకు అయిపోతుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ఇదంతా మోల్స్‌లో చేయమంటే చేయొచ్చు సార్, ప్రతి అయాన్ పక్కనా దాని ఆవేశం రాసుకుని ప్రతిసారీ హెచ్చించుకోవాలి. ఆ హెచ్చింపు ముందే చేసి పెట్టుకున్నదే కదా తుల్యాంకం.

డిగ్రీ_లెక్చరర్:

అయాన్ల సమతుల్యత విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. ఈ రిపోర్ట్ లెక్క పిల్లలకి చూపిస్తాను, అనుమతి ఉంటే. చరిత్రలోనూ దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1863లో ఇండియం దొరికినప్పుడు ప్రయోగంతో తేలింది దాని తుల్యాంక భారమే, దాదాపు 38. సంయోజకత 2 అనుకుని పరమాణు భారం 76 అన్నారు. అలా అయితే ఆవర్తన పట్టికలో ఆర్సెనిక్‌కీ సెలీనియంకీ మధ్య ఇరుక్కుంటుంది, అక్కడ ఖాళీ గడి లేదు. మెండలీవ్ సంయోజకత 3 అన్నాడు. పరమాణు భారం 113కి దగ్గరగా వచ్చింది, కాడ్మియం, తగరం మధ్య సరిగ్గా కూర్చుంది. తర్వాత విశిష్టోష్ణం కొలిస్తే అదే నిజమైంది. తూచి తెలుసుకున్నది తుల్యాంకం, ఊహించింది సంయోజకత. మన పాఠాల్లో మాత్రం పరమాణు భారం ముందు ఇచ్చి తుల్యాంకం లెక్కకట్టమంటాం, అసలు జరిగింది తలకిందులు.

స్టాఫ్‌నర్స్_కర్నూలు:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా వార్డులో మిల్లీ ఈక్వివలెంట్ అనే మాట రోజూ వాడతాం, దాని వెనక లెక్క ఈరోజే అర్థమైంది. పొటాషియం క్లోరైడ్ 15 శాతం 10 మి.లీ. ఆంప్యూల్‌లో 1.5 గ్రాములుంటాయి. 1500ని 74.5తో భాగించి చూశాను, సరిగ్గా ఆంప్యూల్ మీద రాసే 20 వచ్చింది. రక్తంలో పొటాషియం లీటరుకి 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి కాబట్టి ఈ 20 ఎంత పెద్ద అంకో మాకు నేర్పించారు, నేరుగా నరంలోకి ఎప్పుడూ ఎక్కించం, సెలైన్‌లో బాగా కలిపి నెమ్మదిగా ఇస్తాం. నా సందేహం కాల్షియం గురించి. కొన్ని చోట్ల మిల్లీమోల్ అని, కొన్ని చోట్ల మిల్లీ ఈక్వివలెంట్ అని ఉంటుంది. పొటాషియంకి రెండూ ఒకటే కదా, కాల్షియంకి కూడా అంతేనా?

డీఎం_ప్లాంట్_రిటైర్డ్:

కాదు సిస్టర్, కాల్షియంకి కాదు. మీరు అడగడం చాలా మంచిదైంది. పొటాషియం, సోడియం, క్లోరైడ్ ఏకావేశం ఉన్నవి, వాటికి 1 మిల్లీమోల్ అంటే 1 మిల్లీ ఈక్వివలెంటే. కాల్షియం, మెగ్నీషియం ద్విఆవేశం ఉన్నవి, 1 మిల్లీమోల్ అంటే 2 మిల్లీ ఈక్వివలెంట్లు. కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం 10 మి.లీ. ఆంప్యూల్‌లో కాల్షియం దాదాపు 93 మి.గ్రా. 40తో భాగిస్తే 2.3 మిల్లీమోల్, 20తో భాగిస్తే 4.65 మిల్లీ ఈక్వివలెంట్. ఒకటి అనుకుని ఇంకోటి రాస్తే మోతాదు రెట్టింపో సగమో అవుతుంది. డోసు విషయంలో డాక్టర్ గారి ఆర్డర్‌లో ఏ యూనిట్ ఉందో ఆయన్నే అడిగి నిర్ధారించుకోండి.

లెక్చరర్ గారూ, రిపోర్ట్ లెక్క నిస్సంకోచంగా వాడుకోండి. ఇండియం సంగతి నాకు కొత్త, చాలా సంతోషం.

పరవాడ_ట్రైనీ:

నేనొక లెక్క చేశాను, చూసి చెప్పండి సార్. మా విటమిన్ సి ప్రొసీజర్‌లో 1 మి.లీ. 0.05 మోలార్ అయోడిన్ ద్రావణం 8.806 మి.గ్రా. ఆస్కార్బిక్ ఆమ్లానికి సమానం అని ఉంది. ఈ 8.806 ఎక్కడిదో ఎవరినీ అడగలేదు, అలాగే వాడేస్తున్నాను. అయోడిన్ అణువు రెండు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, కాబట్టి 0.05 మోలార్ అంటే ఈ చర్యలో 0.1 నార్మల్. ఆస్కార్బిక్ ఆమ్లం రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, 176.12 బై 2 అంటే 88.06. 1 మి.లీ.లో 0.1 మిల్లీ తుల్యాంకం, 88.06లో పదో వంతు 8.806. కరెక్టేనా?

డీఎం_ప్లాంట్_రిటైర్డ్:

నూటికి నూరు పాళ్లూ కరెక్ట్ తల్లీ. మీ ప్రొసీజర్లలో ఇలాంటి గుణకం ఎక్కడ కనిపించినా ఇలాగే విప్పి చూడు, చాలావరకు ఏదో ఒక తుల్యాంక భారంలో పదో వంతో, వందో వంతో అయి ఉంటుంది. అలా కుదరకపోతే ప్రొసీజర్‌లో టైపింగ్ తప్పు ఉండొచ్చు, సీనియర్‌కి చూపించు.

ఒకటి మర్చిపోకు. 8.806 అనేది ద్రావణం కచ్చితంగా 0.05 మోలార్ ఉన్నప్పటి మాట. అయోడిన్ ఆవిరైపోతుంది, వెలుతురు తగలకూడదు. ముదురు రంగు సీసాలో బిరడా గట్టిగా బిగించి పెట్టాలి. స్టాండర్డైజ్ చేసినప్పుడు, అంటే దాని అసలు బలం కొలిచినప్పుడు, 0.0493 వచ్చిందనుకో, 0.0493ని 0.05తో భాగిస్తే వచ్చే 0.986తో రీడింగ్‌ని హెచ్చించాకే 8.806 వాడాలి. పర్మాంగనేట్ సీసాకి కూడా ఇదే వర్తిస్తుంది, తయారు చేసిన రోజు బలం వారం తర్వాత అలాగే ఉంటుందని అనుకోకు. లేబుల్ మీద స్టాండర్డైజ్ చేసిన తేదీ, ఫ్యాక్టర్ రెండూ ఉన్నాయో లేదో చూసుకున్నాకే బ్యూరెట్ నింపు.